ఊలు దారం కొలత

మే 4

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. ఇందులో ఏం రాసినా సరే, పోస్టు డబ్బాలో వేసెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాను.

జూన్ ఒకటికి మన పిచ్చుకకి రెండేళ్ళు నిండుతాయి. ఆదివారమే వచ్చింది. ఇంటి వెనక తోటలో చిన్నగా పుట్టినరోజు చేద్దామనుకుంటున్నాం. తోట అనగానే ఏదేదో ఊహించుకోకు. నా అడుగులతో పన్నెండు అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు. అందులో సగం పై వాటా ఇంటాయన పూలకుండీలే. "పిల్లలు ఆడుకోనీ అమ్మా, నాకేం అభ్యంతరం లేదు, కుండీల జోలికి మాత్రం రావద్దు" అన్నాడు. రెండేళ్ళ పిల్లలకి ఆ సంగతి ఎవరు చెబుతారో ఆయనే చెప్పాలి.

పిలిచింది తొమ్మిది మందినే. అయినా నాకు కంటి మీద కునుకు లేదు. గోడ మూల కందిరీగలు గూడు కట్టాయి. కుళాయి కింద నీళ్ళ తొట్టి ఉంది, దాన్ని ముందు రోజే బోర్లించాలి. గేటు గడియ సరిగ్గా పడదు. మీ మరిది రోజంతా ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి వస్తాడు, ఇంట్లో గడియ మాత్రం "రేపు చూస్తాలే" అంటాడు. రెండు నెలల నుంచి ఆ రేపు రాలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు సంగతి రాయలేక. నేను ఆసుపత్రి నుంచి బయటపడి, పది నెలలు నీ దగ్గర పెరిగిన పిల్లని తెచ్చుకున్న రోజు నీకు గుర్తుండే ఉంటుంది. అది నీ మెడ వదల్లేదు. వేలు వేలూ విడదీయాల్సి వచ్చింది. "కొన్నాళ్ళు రాకు అక్కా, ఫోన్ కూడా చెయ్యకు, నీ గొంతు వింటే అది ఇల్లంతా వెతుక్కుంటుంది" అన్నాను. నువ్వు సరేనన్నావు. ఆ కొన్నాళ్ళు మళ్ళీ పది నెలలయ్యాయి.

ఆ రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. నీకు వీలైతే రా.

నీ చెల్లి


మే 8

చిన్నీ,

ఉత్తరం వచ్చేసరికి కుట్టుమిషన్ ముందున్నాను. బడిపిల్లల నిక్కర్లు నలభై ఉన్నాయి, పన్నెండో తారీఖుకి ఇవ్వాలి. కవరు మీద నీ చేతిరాత చూసి ఒక నిక్కరుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. కొట్టు యజమానురాలు దాన్ని ఎత్తి పట్టుకుని "ఇది ఎవరికమ్మా, చేపకా?" అంది.

వస్తాను. రాకుండా ఎలా ఉంటాను?

కొన్ని సంగతులు రాస్తాను, తప్పుగా అనుకోకు. పిచ్చుక మధ్యాహ్నం పడుకుంటే నాలుగింటికి లేస్తుంది, లేచాక అరగంట దాకా ముఖం ముడుచుకునే ఉంటుంది. ఆ అరగంటలో ఎవరు ఎత్తుకోబోయినా తన్నుతుంది. కాబట్టి అయిదింటికి పెట్టుకుంటే మంచిది. అయితే నాకు తిరుగు బస్సు అయిదున్నరకే. అదే చివరిది. పొద్దున కొట్టులో పని ముగించుకుని మధ్యాహ్నం బస్సెక్కితే, దిగేసరికి నాలుగు దాటుతుంది. లెక్క వేస్తే నేను ఉండేది గంట. నువ్వు కావాలని ఆ వేళ పెట్టావని నేను అనుకోవట్లేదు.

బెలూన్లు వద్దు. పగిలిన ముక్కలు నోట్లో పెట్టుకుంటుంది. కేకు మీద చిన్న చిన్న గోళీల్లాంటివి వేయించకు. అరటిపండు మెత్తగా చిదిమి పెడితేనే తింటుంది, ముక్కలైతే బుగ్గన దాచుకుంటుంది. ఇంకో సంగతి, కొత్తవాళ్ళు అందరూ ఒక్కసారి మీద పడితే వణికిపోతుంది.

గౌను నేనే కుడతాను. ఆ మాట మాత్రం కాదనకు. ఛాతీ కొలతా, భుజం నుంచి మోకాలి దాకా కొలతా కావాలి. నీ ఇంట్లో టేపు ఉండదని నాకు తెలుసు. ఒక దారం తీసుకుని కొలిచి, ముడులు వేసి పంపు.

నీ అక్క


మే 12

అక్కా,

దారం ఈ కవర్లోనే ఉంది. కొస నుంచి మొదటి ముడి దాకా ఛాతీ. మొదటి ముడి నుంచి రెండో ముడి దాకా పొడుగు. కొలవడానికి మేము పడ్డ పాట్లు చెప్పేవి కావు. దారం కనబడితే చాలు పట్టుకుని పరుగు. మీ మరిది కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటే, నేను చుట్టూ తిప్పి లాగి పట్టి ముడి వేశాను.

నీ ఉత్తరంలో చెప్పినవన్నీ చదివాను. పిచ్చుక ఇప్పుడు ఒంటిగంటకి పడుకుని రెండింటికే లేస్తుంది. లేవగానే నవ్వుతుంది. అరటిపండు ముక్కలుగానే తింటుంది, తొక్క తనే వలుచుకుంటుంది. కొత్తవాళ్ళంటే భయం లేదు, పాలు పోసే అతని టోపీ లాక్కుంది. నువ్వు చెప్పింది పది నెలల కిందటి పిల్ల గురించి. ఆ పిల్లని నేను చూడలేదు, అది నా తప్పు కాదు. ఇప్పటి పిల్లని చూసింది నేను.

నాలుగు నుంచి ఆరు అన్నది, నేను పనికి పోయేటప్పుడు పిచ్చుకని వదిలే శిశు కేంద్రంలో ఆయా వీలు చూసి పెట్టింది, ఆ రోజు పిల్లల్ని చూసుకోవడానికి ఆవిడే వస్తుంది. నీ బస్సు వేళలు నాకెలా తెలుస్తాయి?

కందిరీగల గూడు ఇంకా ఉంది. ఇంటాయన దాన్ని తీయనివ్వడు, అవి తన పూల మీద పురుగుల్ని తింటాయట. అయిదు అడుగుల దూరంలో తాడు కడదామన్నాడు. కందిరీగలు తాడు దాటవని ఆయన ధీమా.

నీ చెల్లి


మే 15

చిన్నీ,

దారం అందింది. నిజం చెప్పు, పిల్లకి ఏమైంది?

నా దగ్గర నుంచి వెళ్ళేటప్పుడు పిచ్చుక ఛాతీ పద్దెనిమిదిన్నర అంగుళాలు. ఆ కొలత నేను ఎక్కడా రాసుకోలేదు, నా చేతులకి తెలుసు. నీ దారం టేపు మీద పెట్టి చూస్తే పదిహేడున్నర. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పదిహేడున్నరే. పొడుగు కూడా పది నెలల్లో ఒక్క అంగుళం పెరగలేదు. మిషన్ మీదే తల పెట్టుకుని కూర్చున్నాను. మా కొట్టులో కాజాలు కుట్టే ముసలమ్మకి చూపిస్తే ఆవిడ కూడా "పిల్ల బాగా చిక్కిపోయిందే" అంది.

తింటోందా? నువ్వు కళ్ళజోళ్ళ దుకాణానికి పోయాక ఆ కేంద్రంలో పెడతారా, లేక పెట్టామని చెబుతారా? దగ్గుందా? నీకు వచ్చిన జబ్బు ఊపిరితిత్తులది. రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను, పిల్లని ఒకసారి చూపించావా? పుట్టినరోజుకేం, వచ్చే ఏడైనా చేసుకోవచ్చు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

గుడ్డ కత్తిరించడానికి చెయ్యి రావట్లేదు. జవాబు రాయి.

అక్క


మే 19

అక్కా,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. ఎదురుగా ఒకాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని "అక్షరాలు అలికినట్టున్నాయమ్మా" అంటున్నాడు. నాకూ అలాగే ఉన్నాయి. ఆయన్ని అక్కడే వదిలేసి, సెలవు కూడా అడక్కుండా, కేంద్రానికి పరిగెత్తి పిల్లని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పోయాను. దారి పొడుగునా దాని వీపు మీద చెవి పెట్టి ఊపిరి వింటూనే ఉన్నాను. నేను ఆసుపత్రి మంచం మీద విన్న చప్పుడు ఇందులో కూడా వినబడుతుందేమోనని.

డాక్టరు తూకం వేశాడు, పొడుగు చూశాడు, ఎక్స్‌రే కూడా తీయించాడు. పిల్ల వయసుకి తగ్గట్టే ఉంది. ఇంకా చెప్పాలంటే కాస్త ఎక్కువే ఉంది. "ఈ పిల్లకేం అమ్మా, బండలా ఉంది. ముందు మీరు కడుపునిండా తిని నిద్రపోండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పది నెలలుగా ఒక్కో మెతుకూ లెక్కపెట్టి తినిపిస్తున్నాను. గిన్నెలో మిగిలితే ఆ పూట నేను తినలేను. నన్ను ఎవరైనా ఏమైనా అంటే ఓర్చుకుంటాను. పిల్లని సరిగ్గా చూసుకోవట్లేదని నువ్వు అంటే ఓర్చుకోలేను. ఎందుకంటే నీకంటే బాగా చూశానని నేను ఎప్పటికీ అనలేను.

ఇంకో సంగతి ఉంది. ఎవరికీ చెప్పలేదు, మీ మరిదికి తప్ప. పిచ్చుక రోజూ సాయంత్రం స్నానం అయ్యాక బీరువా పక్కన గోడ దగ్గరికి వెళుతుంది. చేత్తో మూడుసార్లు తడుతుంది. తట్టి పైకి చూస్తుంది. ఏమీ లేదు అక్కడ, ఒట్టి సున్నం గోడ. కాసేపు చూసి పెదవి విరిచి ఏడుస్తుంది. నేను ఎత్తుకుంటే నన్ను కాదని గోడ వైపే చెయ్యి చాపుతుంది. పది నెలల్లో ఒక్క రోజు మానలేదు. గోడ అవతల నువ్వున్నావని దాని ఆశ. తలుపు తీయమని తడుతోంది.

నువ్వు పుట్టినరోజుకి వచ్చి మళ్ళీ అయిదున్నర బస్సెక్కి వెళ్ళిపోతే, ఆ తట్టడం ఎన్నాళ్ళు వినాలో నేను. నువ్వు రాకపోతేనే మంచిదేమో అక్కా. కోపంతో రాయట్లేదు. కోపం లేదని కూడా అనను.

చెల్లి


మే 22

చిన్నీ,

ముందు దారం సంగతి. నీ ఉత్తరం చదివి ఆ దారాన్ని మళ్ళీ తీసి చూశాను. అది ఊలు దారమే పిచ్చిదానా! ఊలు సాగుతుంది. నువ్వు లాగి పట్టి ముడి వేశావు, అది కవర్లో పడుకుని మళ్ళీ ముడుచుకుంది. ముడి పట్టుకుని మెల్లగా లాగితే ఇరవై ఒకటికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను, నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల కూడా ఈ తప్పు చెయ్యదు. దారం చేతికి రాగానే అది ఏ దారమో చూడాలి. నేను చూడలేదు. పిల్ల కొలత తగ్గిందన్న మాట ఒక్కటే కనబడింది. నిన్ను ఎండలో డాక్టరు దగ్గరికి పరిగెత్తించాను. నన్ను ఎంత తిట్టినా పడతాను.

ఇక గోడ సంగతి. ఇది చదివేటప్పుడు కూర్చో.

అది నన్ను వెతకట్లేదు చిన్నీ. నిన్ను వెతుకుతోంది.

మా ఇంట్లో బీరువా పక్కన గోడ మీద నీ ఫోటో ఉంది. నువ్వు నీలం చొక్కా వేసుకుని ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్నది. నువ్వు పిల్లని ఇచ్చి ఆసుపత్రికి వెళ్ళిన మర్నాడే మేకు కొట్టి తగిలించాను. రోజూ సాయంత్రం స్నానం అయ్యాక పౌడరు రాసి, ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, మూడుసార్లు తట్టి "అమ్మా, నీ కూతురొచ్చింది" అనేదాన్ని. ఎత్తుకుని చూపిస్తే ఫోటోకి ముద్దు పెట్టేది. అద్దం నిండా ఎంగిలి. కాస్త పెద్దయ్యాక తనే వెళ్ళి తట్టడం మొదలుపెట్టింది, ఎత్తుకోమని. మీ ఇంట్లోనూ బీరువా పక్కన గోడ ఉండేసరికి, అమ్మ అక్కడ ఉంటుందనుకుంటోంది. నువ్వేమో దాని వెనకే నిలబడి ఉంటావు. ఫోటోలో ఉన్నదీ, తనకి అన్నం పెడుతున్నదీ ఒక్కరేనని అంత పిల్లకి ఎవరు చెప్పాలి? నేను చెప్పాల్సింది, నీకు.

ఎందుకు చెప్పలేదో అదీ రాసేస్తాను. నీకు నయమైందనీ, ఇంకో రెండు నెలల్లో పిల్లని తీసుకెళతావనీ ఆసుపత్రి నుంచి కబురు వచ్చిన రోజున, నేను పిచ్చుకని గోడ దగ్గరికి తీసుకెళ్ళలేదు. మర్నాడూ లేదు. అలా ఎనిమిది రోజులు. మరిచిపోతే మరిచిపోనీ అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. తొమ్మిదో రోజు నేను నిక్కరుకి గుండీలు కుడుతుంటే తప్ తప్ తప్ అని చప్పుడు. చూస్తే అదే గోడ పట్టుకుని నిలబడి తడుతోంది. ఎత్తుకుని నీకు చూపించి, దాన్ని పట్టుకుని ఏడ్చాను. ఫోటో సంగతి నీకు చెబితే ఈ ఎనిమిది రోజులూ చెప్పాలి. అందుకని నోరు మూసుకున్నాను.

నువ్వు రావద్దన్నది న్యాయమే. రాను. గౌను కుట్టాను, ఫోటో కూడా దానితో పాటే పంపుతున్నాను. బీరువా పక్కనే పెట్టు.

అక్క


మే 26

అక్కా,

ఇది తొందరగా అందాలని ఎక్కువ స్టాంపులు అంటించాను.

పార్సిల్ మొన్న వచ్చింది. సాయంత్రం స్నానం అయ్యాక పిచ్చుక గోడ దగ్గరికి వెళ్ళి తట్టింది. ఈసారి పైన ఫోటో ఉంది. అది ఏడవలేదు. ఎత్తుకోమని చేతులు చాపింది. ఎత్తుకున్నాను. అద్దానికి ముద్దు పెట్టి, నా ముఖం చూసి, మళ్ళీ ఫోటో చూసి, నా బుగ్గ మీద వేలు పెట్టి పొడిచింది. "అమ్మ" అంది. అలా ఎన్నిసార్లు పొడిచిందో నాకు తెలియదు. మీ మరిది వంటింట్లోంచి వచ్చి మా ఇద్దర్నీ చూసి, వెళ్ళి గేటు గడియ బాగుచేశాడు.

ఎనిమిది రోజుల సంగతి చదివాను. నీ స్థానంలో నేనుంటే ఎనభై రోజులు చేసేదాన్ని. ఇక ఆ మాట మనిద్దరి మధ్యా ఎత్తవద్దు.

నువ్వు రావాలి. వేళ మార్చేశాను, పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఆయాని నేనే బతిమాలుకున్నాను. పొద్దున బస్సుకి రా. రాత్రికి ఉండు, మర్నాడు వెళ్ళొచ్చు. నీకు పక్క సిద్ధంగా ఉంటుంది. పిచ్చుక నిన్ను చూసి నీ మెడ పట్టుకుని వదలకపోతే? పట్టుకోనీ. ఈ మాట రాయడానికి నాకు ఎంత భయంగా ఉందో నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, పట్టుకోనీ.

చెల్లి


జూన్ 2

అక్కా,

ఇల్లు చేరావని పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి కబురు చెప్పించావు. నువ్వే మాట్లాడొచ్చు కదా, ఇప్పుడు వద్దన్నదెవరు?

నీకని పరిచిన పక్క అలాగే ఉంది. దుప్పటి మడత కూడా విప్పలేదు నువ్వు. "నిక్కర్లు ఉన్నాయే" అని మూడింటి బస్సే ఎక్కేశావు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ నవ్వావు చూడు, ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు నీ బొమ్మ నాకిచ్చేసి "నాకొద్దులే, పాతది" అన్నప్పుడూ అలాగే నవ్వావు.

అందరూ తోట గురించే చెప్పుకుంటున్నారు. కందిరీగలు నిజంగానే తాడు దాటలేదు, ఆ గొప్పతో ఇంటాయన ఇంక మాతో మామూలు మనిషిలా మాట్లాడడు. పగిలిన ఒక్క కుండీ ఆయనే వెనక్కి నడుస్తూ తన్నుకున్నది. గౌను అందరికీ నచ్చింది. నేను మాత్రం ఒక్కటే చూస్తూ ఉన్నాను. నువ్వు గేటు తీసుకుని వచ్చి, గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు చాపి "పిచ్చుకా" అన్నావు. అది నా కాళ్ళ వెనక్కి పోయింది. నా చీర అంచు నోట్లో పెట్టుకుని నీ వైపు కొత్తగా చూసింది. రెండు గంటలసేపు నీ దగ్గరికి రాలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు "ఆంటీకి టాటా చెప్పాను" అని గర్వంగా నాకు చెప్పింది. నువ్వు విన్నావని నాకు తెలుసు.

పది నెలలుగా నేను భయపడింది అది నీ మెడ పట్టుకుంటుందని. ఇలా అవుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాకు హాయిగా ఉండాలి కదా అక్కా. పొద్దుటి నుంచీ ఏ పనీ చేతికి రావట్లేదు. దాన్ని పది నెలలు పెంచి, నన్ను దాని కళ్ళ ముందు నిలబెట్టింది నువ్వు. నిన్ను దాని కళ్ళ ముందు లేకుండా చేసింది నేను. "ఫోన్ కూడా చెయ్యకు" అన్న నోటిని ఏం చేసుకోను?

నీ ఫోటో ఒకటి పంపు. కాస్త పెద్దది, నవ్వుతున్నది. బీరువా పక్కన నా ఫోటోని ఆనించి రెండో మేకు కొట్టాను, పిచ్చుక చెయ్యి అందేంత కిందికి. రోజూ సాయంత్రం తట్టి "పెద్దమ్మా, నీ కూతురొచ్చింది" అని చెప్పిస్తాను. నెలకి రెండు ఆదివారాలు నువ్వు రావాలి. లేదంటే దాన్ని తీసుకుని నేనే వస్తాను.

నీ చెల్లి


జూన్ 6

చిన్నీ,

పిల్లలు మరిచిపోవాలి. లేకపోతే ఎలా ఎదుగుతారు? ఈ మాట బస్సులో నాలుగు గంటలు నాకు నేను చెప్పుకున్నాను. ఇల్లు చేరేసరికి సగం నమ్మాను.

నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. వెతికితే రేషన్ కార్డు మీదున్నది దొరికింది, దాన్ని చూస్తే పిల్ల జడుసుకుంటుంది. అందుకని ఇవాళ స్టూడియోకి వెళ్ళాను. నవ్వమన్నాడు. నవ్వాను. "అలా కాదమ్మా, ఎవరినైనా తలుచుకోండి" అన్నాడు. తలుచుకున్నాను. అప్పుడు సరిగ్గా వచ్చింది. బుధవారానికి ఇస్తాడట, ఇవ్వగానే పంపుతాను. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పొద్దున బస్సుకి నేనే వస్తాను, పక్క తీసెయ్యకు.

గౌను అంచు లోపలికి నాలుగు వేళ్ళు వదిలి మడిచాను. పొట్టి అయితే కుట్టు విప్పి కిందికి దించు.

ఒక్క మాట. ఆ మేకు పీకేసి పైకి కొట్టు, నీ భుజం ఎత్తుకి. దాని చెయ్యి అందకూడదు. అందితే నీతో పని లేకుండా తనే చూసుకుని పోతుంది. అందకపోతే గోడ తట్టి నీ వైపు చేతులు చాపుతుంది, నువ్వు ఎత్తుకుని చూపించాలి. నీ ఫోటోని నేను అలాగే చూపించాను. అద్దానికి ముద్దు పెట్టడానికి ముందుకి వంగుతుంది చూడు, అప్పుడు దాని బరువంతా మన మీదే ఉంటుంది.

నీ అక్క